డబ్బీలో పాత నీళ్లు

బహుళ పాడ్యమి

ఇవాళ్టినుంచి రాసి పెట్టుకుంటా. రాత నాకు కుదురుగా రాదు. రెండో తరగతిలో ఉండగా మా ఊరు మునిగింది, ఊరితోపాటు బడీ మునిగింది. అయినా రాస్తా. ఈ ఓడలో ఇవాళ అన్న మాట రేపు అనలేదంటారు. పక్కగది మంగతాయారైతే తను అన్న మాట నేనన్నానంటది. రేపు హంసకి ఏదన్నా అయితే, ముసల్దానివి ఇంట్లోనే ఉన్నావుగా, ముందే చెప్పొద్దా అని అందరూ నా మీదకే వస్తారు. చెప్పాను. ఎప్పుడేం చెప్పానో ఇందులో ఉంటది.

హంస నా మనవరాలు. నా కూతురు ఇందుమతికి ఒక్కతే. ఎనిమిదేళ్లది. దూరం ఆనదు దానికి. ఈ ఓడలో పుట్టిన పిల్లల్లో దూరం ఆనేవాళ్లు ఎవరున్నారు గనక. పగలు పైన డెక్కు ఇనుము పెనంలాగా కాలుతది, పిల్లల్ని పైకి రానివ్వరు. పుట్టినప్పట్నుంచీ వీళ్లు చూసిన దూరమల్లా వసారా ఈ చివర నుంచి ఆ చివరకి. ఇంక కళ్లకి దూరం ఎట్టా అలవాటవుతది.

అందుకని బిళ్లలొచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు కళ్లలో పెడతారు. గట్టివి, చిటికెనవేలి గోరంత ఉంటాయి. రాత్రంతా కంటి నల్లగుడ్డుని అదిమి ఉంచుతాయంట. పొద్దున తీసేస్తే పగలంతా కళ్లద్దాల్లేకుండా దూరం ఆనుతదంట. రోజూ పెడితే చూపు ఇంకా దిగజారకుండా నెమ్మదిస్తదంట. అంట అంట అని ఎందుకు రాస్తున్నానంటే, కంటి లోపల ఏం జరుగుతోందో నేను చూళ్లేదు, చెప్పినవాళ్లూ చూళ్లేదు.

పెట్టేది ఇందుమతి, తీసేది నేను. ఇందుమతి తెల్లారకముందే సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే గదికి పనికి పోతది. నేను పిల్లని కిటికీ కాడ కూచోబెట్టి, రబ్బరు పుల్ల బిళ్లకి ఆనించి లాగుతా. పుల్ల చివర బుల్లి గిన్నెలాగా ఉంటది, అది బిళ్లని పట్టుకుంటది.

"కదలకే."

"నేను కదలట్లేదు అమ్మమ్మా. నీ చెయ్యే ఊగుతోంది."

తీసినాక డబ్బీలో వేస్తాం. డబ్బీలో మందునీళ్లు ఉంటాయి. తగ్గినంత వరకూ సీసాలోంచి కలుపుతాం. ఉన్న నీళ్లు పారబొయ్యం. మంచినీళ్లతో చేసినవి ఎవరైనా పారబోస్తారా. చేతులు కడిగిన నీళ్లు పళ్లెంలో పట్టి తిరుగు తొట్టిలో పోస్తాం, అక్కడ శుద్ధయి మళ్లీ ఇంటికొస్తాయి. పెళ్లిలో పిల్లా పిల్లాడూ దోసెడు మంచినీళ్లు ఒకళ్ల తొట్టిలో ఒకళ్లు పోస్తేనే పెళ్లి. ఏడ్చే పిల్లలకి కూడా గుడ్డ పట్టుకుని ఏడవమంటాం, అది నవ్వులాటకేలే. కానీ మందునీళ్లు తిరుగు తొట్టిలో పోస్తే తొట్టి పాడవుతది. సముద్రంలో పోస్తే ఒలకపోసినట్టు, ఈ ఓడలో అంతకంటే నేరం లేదు. ఇంకెక్కడ పోస్తాం? డబ్బీలోనే ఉంటాయి.

తదియ

కళ్లమ్మ దగ్గరికి పోయొచ్చా. ఆమె పేరు సుభాషిణి. బిళ్లలిచ్చేది, మందునీళ్ల సీసాలు పంచేది, పిల్లల చూపు చూసేది ఆమే. అందరూ కళ్లమ్మ అంటారు. ఆమెకి ఆ పేరు ఇష్టం, ఇష్టం లేనట్టు నటిస్తది.

"రా నాంచారమ్మా. ఈసారి ఏం కొంప మునిగింది?"

"రాత్రి పిల్ల కళ్లు నలుపుకుంది. బిళ్ల పక్కకి జరిగి కంటి వెనక్కి పోతే ఎట్టా? వెనక మెదడుంటది కదా."

ఆమె గట్టిగా నవ్వింది. సీసాల కోసం వరసలో ఉన్న ఆడాళ్లు కూడా నవ్వారు.

"వెనక్కి పోవడానికి దారి లేదు. పోయిన నెల కన్నీళ్లకి కరుగుతదన్నావు. అంతకుముందు తుమ్మితే ఎగిరి వసారాలో పడుతదన్నావు."

"పడలా? పడింది."

"దాన్ని నువ్వే కింద పడేశావమ్మా."

వరసలో మంగతాయారు కూడా ఉంది. "ఈమె మా పక్కగదిలో ఉంటే మాకు వేరే రేడియో అక్కర్లేదు. పొద్దున్నే తుపాను వార్తలతో మొదలుపెడతది" అంది. మళ్లీ నవ్వారు.

సీసా కొత్తది ఇంకోటి అడిగా. ఇవ్వలేదు. మా ఓడ మందునీళ్లు అన్ని ఓడలకంటే తక్కువ వాడుతోందని ఓడ పెద్ద సరంగు ఆమెకి మెచ్చుకుంటూ పెద్ద డెక్కు మీద దండేశాడు. ఆ దండ ఎండిపోయి ఇప్పటికీ గోడకి వేలాడుతోంది. సీసా మీద ఏదో సన్నగా అచ్చేసి ఉంటది, దాని మీద ఈమె తెల్లకాగితం అంటించి పెద్దక్షరాలతో రాసింది. "చుక్క పారబొయ్యరాదు. తగ్గినంత కలుపుకోవలెను." అంత పెద్దక్షరాలు నేనూ చదువుకోగలను.

పంచమి

హంస ఇవాళ పలక చదివింది. చూపు చూసేందుకు వసారా ఆ చివర అక్షరాల పలక పెడతారు, ఈ చివర నిలబడి చదవాలి. కింది వరస దాకా గడగడా చదివేసింది. ఇందుమతి పనిలోంచి పరిగెత్తుకొచ్చి చూసింది, వస్తూ వస్తూ నీళ్ల పళ్లెం తన్నబోయింది.

అమావాస్య నాడు దీపం కాపలాకి పిల్లల్ని ఎంపిక చేస్తారు. పైన గోపురంలో నిలబడి తుపాను మబ్బునీ, తాడు తెగి కొట్టుకొచ్చే పడవల్నీ ముందుగా కనిపెట్టే పని. కళ్లద్దాలు పనికిరావు, ఉప్పుగాలికి పూటలో మసకేస్తాయి. ఎంపికైతే పిల్లకి పై బడి, ఇంటికి పైన గాలొచ్చే గది. ఇందుమతి పదేళ్లుగా ఈ గదిలో చెమటలో ఉడుకుతోంది. పెళ్లయినాక మొగుడు వేరే ఓడకి పోయి తిరిగి రాలేదు, అదొక ఉడుకు. దానికి ఇంక వేరే ఆశంటూ లేదు. నాకు తెలుసు. తెలిసే అన్నా.

"పైన గోపురం కమ్మీలు తుప్పు పట్టి ఉంటాయే. పిల్ల పడితే?"

"అమ్మా, నోరు మూసుకో" అంది. నెమ్మదిగానే అంది. అదే ఎక్కువ బాధ.

మంగతాయారు మనవరాలు కేతకి కూడా ఆ ఎంపికకే పోతోంది. రెండు వరసలు తప్పు చదివింది. మంగతాయారు నా వైపు చూసి మెటికలు విరిచింది. దిష్టి తీసిందో, పెట్టిందో.

సప్తమి

ఎడమ కన్ను ఎర్రగా ఉంది. పొద్దున బిళ్ల తీస్తుంటే చూశా. నీళ్లు కారుతున్నాయి. కిటికీ వైపు తిప్పితే మొహం ఇటు తిప్పేసుకుంది.

"నొప్పా?"

"లేదు."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టెందుకు. నిద్ర చాల్లేదు."

వెలుతురుకేసి చూడమంటే చూడదు. చీకటి మూల బొమ్మలు గీసుకుంటూ కూచుంది. కాసేపటికి తనే వచ్చి, "అమ్మకి చెప్పొద్దు. చెప్తే బిళ్లలు ఆపేస్తారు, ఆపితే నాలుగు రోజులకే పలక కనపడదు. పైన గాలి చల్లగా ఉంటదంట" అంది.

చెప్పకుండా ఎట్టా ఉంటా. సాయంత్రం ఇందుమతి వచ్చీ రాగానే చెప్పా. అది పిల్ల రెప్ప ఎత్తి చూసింది. దీపం వెలుతురులో ఎరుపు అంతగా తెలియలేదు.

"నీకు ఎప్పుడూ ఏదో ఒకటి. పిల్లకి భయం పెట్టి నలిపిస్తావు, నలిస్తే ఎర్రబడదా."

బిళ్లలు పెట్టింది. పిల్ల పళ్లు బిగించింది. అది ఇందుమతికి కనపడలేదు, నాకు కనపడింది.

అష్టమి

పొద్దున రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. గుడ్డ తడిపి విడదీశా. డబ్బీ మూత తీసి వాసన చూశా. పులిసిన పిండి వాసన కాదు, ఇంకోరకం, చేపల గంప అడుగు వాసన. వేలు పెట్టి చూస్తే అడుగున జిగట.

డబ్బీ పట్టుకుని కళ్లమ్మ దగ్గరికి పోయా. వాసన చూడమన్నా. ఆమె ముక్కు దాకా కూడా తేలేదు.

"నీ చేతికి వేపుడు వాసన. సీసాలోంచి కాస్త ఎక్కువ కలుపు."

"ఇవి తీసేసి కొత్తవి పోస్తే?"

"తీసేసి ఎక్కడ పోస్తావు?"

డబ్బీ మూత పెట్టేశా. వరసలో ఒకావిడ గొంతు తగ్గించి, "తీసేసే మాట ఈ నాంచారమ్మ నోట్లోంచి ఎట్టా వచ్చిందే" అంది పక్కావిడతో.

"కన్ను ఎర్రబడింది. ఒక్కసారొచ్చి చూడు."

"అమావాస్య పోటుకి ఆస్పత్రి బోటొస్తది, అప్పుడు చూపించు. ఒక మాట చెప్తా విను. ఎంపిక ముందు కన్ను బాగాలేదని నేను రాసిస్తే నీ మనవరాలి పేరు కొట్టేస్తారు. రాయమంటావా? నీ కూతుర్ని అడిగి రా."

కూతుర్ని అడగలేదు. అడిగితే ఏమంటదో నాకు తెలుసు.

నవమి

బిళ్లలు దాచేశా. బియ్యం డబ్బాలో పెట్టా. సాయంత్రం ఇందుమతి గది అంతా తిరగేసింది. నేను ప్రార్థన చేసుకుంటున్నట్టు కళ్లు మూసుకుని కూచున్నా.

"ఎక్కడ పెట్టావు?"

"కన్ను తగ్గనీ."

"ఎంపిక అయిపోయినాక తగ్గినా ఒకటే, తగ్గకపోయినా ఒకటే."

"కన్ను పోతే?"

"పోదు. నీ జన్మలో నువ్వు పోతదన్నవి ఎన్ని పోయాయి చెప్పు. ఓడ మునుగుతదన్నావు, తేలుతోంది. నేను కాన్పులో పోతానన్నావు, బతికున్నా. నీ భయం వినీ వినీ నాకు చెవులు చచ్చాయి. పైకి పోతే నీ మాట వినపడని గది ఇప్పించమని సరంగుని అడుగుతా."

చివరికి బియ్యం డబ్బా దొరికింది. దొరికాక అది నన్ను తిట్టలేదు. బియ్యంలోంచి ఏరి డబ్బీ నీళ్లల్లో ముంచి పిల్ల కళ్లలో పెట్టింది. ఎడమ కంట్లో పెడుతుంటే హంస కాలు ఒక్కసారి తన్నుకుంది. ఇందుమతి చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ పెట్టింది.

ఇందుమతి చూసిందనే రాస్తున్నా.

దశమి

ఇవాళ నేను నీళ్లు ఒలకపోశా.

పొద్దున బిళ్ల తీస్తే నల్లగుడ్డు మీద చిన్న తెల్లచుక్క కనపడింది. ఆవగింజలో సగం ఉంటది. తుడిస్తే పోలేదు. అది కంటి మీద కాదు, కంట్లో ఉంది. పిల్ల ఇంక దాచలేక గుడ్డ పట్టుకుని ఏడ్చింది.

సీసాలో ఉన్నది కొంచెమే. జిగట మీద అవి పోస్తే అవీ పాడవుతాయి. నాకు చదువు లేదు, పాత్ర అడుగున జిగటుంటే ముందు అది తియ్యాలని తెలుసు, అంతే. డబ్బీ పట్టుకుని మెట్లెక్కా. అప్పుడే తెల్లారుతోంది, డెక్కు ఇంకా కాలట్లేదు. కమ్మీ మీంచి చెయ్యి బయట పెట్టి తిప్పేశా. మూత నిండేంత నీళ్లు కూడా లేవు. పడ్డ చప్పుడు కూడా రాలేదు. ఇన్నేళ్లలో నా చేతిలోంచి సముద్రంలోకి చుక్క పోలేదు.

వెనక్కి తిరిగితే మంగతాయారు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఒలకపోశావు" అంది.

"పిల్లకి కన్ను..."

"ఒలకపోశావు నాంచారమ్మా. నేను చూశా."

అరవలేదు. వసారా వెంట ఒక్కో తలుపు కొట్టి చెప్పుకుంటూ పోయింది. పొయ్యి మీద గంజి పొంగేలోపు ఓడంతా తెలిసింది.

మధ్యాహ్నానికి మా తలుపు ముందు పళ్లెం బోర్లించారు. ఆ ఇంటికి మంచీ లేదు, నీళ్లూ లేవు అని దాని అర్థం.

ఏకాదశి

సరంగు ముందు నిలబెట్టారు. ఓడలో తీర్పూ ఆయనదే. లావుపాటి మనిషి, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు. ఇందుమతి నాకు దూరంగా నిలబడింది. కళ్లమ్మ ముందు వరసలో కూచుంది.

మా ఓడలో పద్ధతేంటంటే, ఒలకపోసినవాళ్లు తమ నోటితో "నేను ఒలకపోశాను" అనాలి. అంటేనే శిక్ష వాళ్లొక్కళ్ల మీదకి పోతది. అడుగుగదిలోకి పంపుతారు, పై నీళ్లు ముట్టనివ్వరు. అనకపోతే మచ్చ ఇంటిల్లిపాదికీ ఉంటది. మచ్చున్న ఇంటి పిల్ల ఎంపికకి రాకూడదు.

"చెప్పు నాంచారమ్మా" అన్నాడు సరంగు. "ఒక్క మాట. నీ మనవరాలి దారికి అడ్డం లేకుండా."

"పిల్లని బోటు డాక్టరు చూస్తే చెప్తా."

"ముందు చెప్పు."

"ముందు చూడాలి."

కళ్లమ్మ లేచింది. "ఈమె మాట వింటే పొద్దుకో కన్ను పోతది సరంగుగారూ. నెల నెలా నా దగ్గరకొచ్చి చెప్పే కబుర్లు ఈ ఆడాళ్లనే అడగండి."

అడగక్కర్లేదు, అప్పటికే నవ్వుతున్నారు. తుమ్ముకి ఎగిరిన బిళ్ల కథ వెనక ఎవరో మళ్లీ చెప్తున్నారు.

అప్పుడు ఇందుమతి ముందుకొచ్చింది. నా వైపు చూడలేదు.

"ఈమె మా ఇంట్లో మనిషి కాదు" అంది. "ఇవాళ్టినుంచి ఈమె నీళ్లు వేరు, మా నీళ్లు వేరు. ఆ మాట అన్నా అనకపోయినా మచ్చ మాకు రానివ్వకండి."

నవ్వు ఆగిపోయింది. సరంగు గొంతు సవరించుకుని, పద్ధతి అట్టా లేదమ్మా, ఆమె నోటితోనే రావాలి అన్నాడు.

నేను నోరు మూసుకుని నిలబడ్డా. జీవితంలో నోరు మూసుకున్నది అప్పుడే. మాట్లాడితే ఇది ఏదో భయం అంటారు. మాట్లాడకపోతే కాళ్లావేళ్లా పడాల్సింది వాళ్లే.

చివరికి సరంగే అన్నాడు. "ఇందుమతీ, బోటు రాగానే పిల్లని చూపించు. ఈమె మాట అప్పుడు అంటది. ఇది ఇక్కడితో వదిలేద్దాం, ఎండెక్కుతోంది."

ఇందుమతి నా పక్కనుంచి పోతూ, "తృప్తిగా ఉందా" అంది. లేదు. ఉందని ఎవరు చెప్పారు. వెనక నుంచి అరిచి చెప్పా, బోటు వచ్చేదాకా బిళ్లలు పెట్టకే అని. వినిందో లేదో. నన్ను గదిలోకి రానివ్వలేదు, చాప తెచ్చుకుని వసారాలో పడుకుంటున్నా.

అమావాస్య

బోటు పొద్దున పోటుతో వచ్చింది. నన్నూ రానిచ్చారు, కానీ సరంగు మనిషొకడు తోడు వచ్చాడు, నేను మళ్లీ ఏం పారబోస్తానోనని.

డాక్టరు పేరు రజియా. చిన్నపిల్ల, నా చిటికెన వేలంత ఉంది. హంసని పడుకోబెట్టి సన్నదీపం వేసి చూసింది. ఎక్కువసేపు చూసింది.

"బిళ్లలు ఎప్పట్నుంచి ఆపారు?"

"ఏకాదశి నుంచి" అంది ఇందుమతి. అప్పుడు తెలిసింది నాకు, వినిందని.

"అదే మేలు చేసింది. ఇంకో రెండు రోజులు పెట్టుంటే ఈ కన్ను నిలుస్తదని చెప్పలేకపోయేదాన్ని. పురుగు పట్టింది. కంటికి కనపడని పురుగు. గంట గంటకీ మందు వెయ్యాలి. కన్ను నిలుస్తది. తెల్లమచ్చ మాత్రం ఉండిపోతది, ఆ కంటికి పలక కింది వరసలు ఇక కనపడవు."

ఇందుమతి గోడకి ఆనుకుంది.

డాక్టరు డబ్బీ అడిగింది. ఎవరూ తేలేదు. పక్క ఓడ పిల్లదొకటి బోటులోనే ఉంటే అది తెప్పించి చూపించింది. శుభ్రంగా ఉంది. "రోజూ పొద్దున బిళ్లలు తియ్యగానే డబ్బీలోవి పారబోసి, కడిగి ఆరబెట్టి, మళ్లీ కొత్తవి పొయ్యాలి. ఉన్నవాటిలో కలిపితే మందు చస్తది, పురుగు బతుకుతది. సీసా మీద రాసే ఉంటదే."

"సీసా మీద కాగితం అంటించారు" అన్నా.

"పారబొయ్యాలా?" అంది ఇందుమతి. దాని గొంతు చిన్నపిల్ల గొంతులాగా ఉంది. "రోజూ?"

"రోజూ."

సరంగు మనిషి కూడా విన్నాడు. వాడి మొహం చూస్తే, పిల్లని సముద్రంలో పారెయ్యమని డాక్టరు చెప్పినట్టుంది. కళ్లమ్మని పిలిపించారు. డాక్టరు అడిగిందానికల్లా ఆమె ఒకటే జవాబు చెప్పింది, మా ఓడలో పారబొయ్యం అండీ అని. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆమెకి కన్నీళ్లొచ్చాయి. పైట పట్టి తుడుచుకుంది, ఒక్క చుక్క పోకుండా.

నాకేం జాలి వెయ్యలేదు.

సాయంత్రం ఎంపిక జరిగింది. హంస లేదు అందులో. నేను సరంగు ముందు నిలబడి, అన్నట్టుగానే అన్నా. "నేను ఒలకపోశాను." డాక్టరే పొయ్యమంది కదా, ఇంకెందుకు అని ఒకళ్లిద్దరు గొణిగారు. డాక్టరు చెప్పకముందు పోసింది కదా అన్నాడు సరంగు. చాప చుట్టుకుని అడుగుగదికి దిగా. ఇక్కడ చమురు వాసన, పక్కన సముద్రం ఇనుముని గీకుతున్న చప్పుడు. ఇనుము ఎన్నాళ్లు ఆగుతదో.

శుద్ధ విదియ

పొద్దున నిచ్చెన మీద కాళ్లు కనపడ్డాయి. ఆడాళ్ల కాళ్లు, చాలా. కొట్టడానికొస్తున్నారనుకుని చీపురు దగ్గరపెట్టుకున్నా.

ముందు మంగతాయారు. పిడికిట్లో డబ్బీ. అందరి చేతుల్లోనూ డబ్బీలు.

"పైకి రా" అంది.

"ఎందుకు? ఇంకేం మిగిలింది చెయ్యడానికి?"

"తెల్లారినకాణ్ణించి కమ్మీ దగ్గర నిలబడ్డాం. పొయ్యాలని తెలుసు. డాక్టరు చెప్పింది, సరంగూ చాటింపేయించాడు. చెయ్యి వంగట్లా."

"వంగకపోతే?"

"నువ్వెటూ ఒలకపోసినదానివేగా. నీకింక కొత్తగా అంటేదేముంది."

నోట్లోకి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. ఇన్నాళ్లూ నవ్విన నోళ్లన్నీ నిచ్చెన మీద వరసగా ఉన్నాయి. పొమ్మందామనే అనుకున్నా. పొమ్మంటే పోతారు, పోయి పాతవాటిలోనే కలుపుకుంటారు. మంగతాయారు సంగతి నాకు తెలియదా.

"కేతకి కన్ను ఎట్టా ఉంది?"

డబ్బీ మూత గోటితో గీకుతోంది.

"నిన్నే."

"కుడిది కొంచెం ఎర్రగా ఉంది. ఎంపికైంది కదా, బిళ్లలు ఆపితే..."

"దాన్ని ముందు బోటెక్కించు. ఇవాళ మధ్యాహ్నం పోటుకి బోటెళ్లిపోతది. డబ్బీ నాకిచ్చి పో."

ఇచ్చింది. చెయ్యి తగలకుండా, పై నుంచి వదిలింది. నిచ్చెన ఎక్కి పరిగెత్తింది. లావు మనిషి, పడుతుందేమోనని భయపడ్డా.

కమ్మీ దగ్గరికి పోయి పొయ్యడం మొదలుపెట్టా. ఒక్కొక్కళ్లూ డబ్బీ చాచి మొహం అటు తిప్పుకుంటున్నారు. నేను పోసి ఖాళీ డబ్బీ చేతిలో పెడితే, పోయి కడుక్కుంటున్నారు. కొన్ని డబ్బీలు కంపు కొడుతున్నాయి. ఆ వాసనకి కూడా వాళ్లు ఇటు తిరగలేదు. ఇది మంచిదని డాక్టరు చెప్పింది, నా చెయ్యి నమ్మట్లేదు.

అప్పుడు ఇందుమతి వచ్చింది. హంస వెంట ఉంది, ఎడమ కంటికి గుడ్డ, కుడి కంటి మీద ఎవరివో పాత కళ్లద్దాలు. ఏకాదశి తర్వాత కూతురు నాతో మాట్లాడటం అదే.

"నువ్వెందుకు చేస్తున్నావు వీళ్లకి? కూలిమనిషివా? వాళ్ల పాపం వాళ్లనే చేసుకోనీ."

"వాళ్లు పొయ్యరే. చూడు ఎట్టా నిలబడ్డారో."

"పొయ్యకపోతే పోనీ."

"పిల్లలకి పోతాయే కళ్లు. వీళ్లకి కాదు."

ఈలోపు హంస నా పక్కకొచ్చి, వరసలో ముందున్న ఆవిడ చేతిలో డబ్బీ తీసేసుకుంది. "నేను పోస్తా అమ్మమ్మా" అంది. తిప్పబోయింది కూడా.

చేతి మీద ఒక్కటి వేశా. గట్టిగానే తగిలింది. డబ్బీ మూత గణగణమని దొర్లింది.

"ముట్టుకోకు నువ్వు."

"డాక్టరు పొయ్యమందిగా."

"అంది. రేపు నీ తలుపు ముందు పళ్లెం బోర్లిస్తే డాక్టరొచ్చి తియ్యదు."

పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఏడవకూడదు, కంట్లో మందుంది. ఇందుమతి వంగి, దాని చేతిలోంచి డబ్బీ తీసుకుంది. నాకిస్తదనుకుని చెయ్యి చాచా. ఇవ్వలేదు. కమ్మీ దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా, మోచెయ్యి బయటికి పెట్టి తిప్పేసింది.

"ఒసే పిచ్చిదానా" అన్నా. ఒలకపోసినవాళ్లం ఇంటికి ఇద్దరం అయ్యాం. ఇక ఆ పిల్లకి ఎవరు నీళ్లిస్తారు, ఎవరు పక్కన కూచోబెట్టుకుంటారు. ఇందుమతి మొహం మాత్రం ఏకాదశి నాటిదే, ఎవరినన్నా కొట్టేట్టు ఉంది.

ఎవరో పైట నోట్లో కుక్కుకున్నారు. కాసేపటికి, నా ముందు వరస చాంతాడంత ఉందనో ఏమో, వెనకున్న ఒకావిడ అందులోంచి బయటికొచ్చి ఇందుమతి ముందు నిలబడింది. మొహం అటు తిప్పుకుని డబ్బీ చాచింది.